చెట్టుకూ గేటుకూ మధ్య

జూన్ 4

ఉడతకు,

మీ నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. విన్నది విన్నట్టు చెప్పే ఓపిక మాత్రం అతనికి చిన్నప్పటి నుంచీ లేదు. కనుక ముందు నా గురించి మీ ఇంటి దాకా పాకిన పుకారును సరిదిద్ది, ఆ తరువాత అసలు సంగతికి వస్తాను.

నేను మోటారు రంపం పట్టుకుని చెట్టు ఎక్కలేదు. చెట్టు మీద నుంచి పడలేదు. నేను ఎక్కినది నిచ్చెన. అది కూడా వంటగది మీదికి వాలిన కొమ్మ మొదట్లో చీలిక ఎంత లోతుగా ఉందో చూడడానికి. రంపం పట్టుకున్న మాట నిజమే. అయితే అది అంతకుముందు, నేల మీద నిలబడి. చెట్లు కొట్టడానికి వచ్చినవాడి రంపం అది, ఆగి ఉంది, దాని బ్రేకు ఎక్కడ ఉంటుందో తెలుసుకుందామని చేతిలోకి తీసుకున్నాను. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న మందుల షాపు ఆవిడ ఈ రెండు దృశ్యాలనూ కలిపి కుట్టి, సాయంత్రం షాపుకు వచ్చిన ప్రతివారికీ మాత్రలతో పాటు పొట్లం కట్టి ఇచ్చింది. ఇక పడడం సంగతి: నిచ్చెన దిగుతుండగా పడినది నా ఎడమ కాలి చెప్పు. నేను కాదు.

ఇప్పుడు అసలు విషయం. పెరట్లోని నీలగిరి చెట్టు నీకు తెలుసు. పోయిన నెల గాలికి దాని కొమ్మ ఒకటి విరిగి వంటగది రేకుల మీద పడింది. రేకులు మార్పించాను. మీ నాన్న వచ్చి, అటూ ఇటూ చూసి, వంటగది గుమ్మంలో నిలబడి, "అక్కయ్యా, గాలివానలు మొదలయ్యేలోపు ఆ చెట్టైనా పోవాలి, నువ్వైనా మా ఇంటికి వచ్చెయ్యాలి. ఈసారి నీ మాట వినను" అన్నాడు. వినకపోవడం అతనికి కొత్త కాదు. నా దగ్గర జవాబు లేకపోవడమే కొత్త. చెట్టు ప్రమాదకరమన్నది నిజం. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని, బరువు ఎటు వాలుతోందో ఎవరూ చెప్పకుండానే చూడగలను. ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండడం నాకు వచ్చిపడిన కష్టం కాదు, నేను కోరి కుదుర్చుకున్న జీవితం. ఒక చెట్టు కారణంగా అది చేజారడానికి వీల్లేదు.

పైన చెప్పిన రంపం మనిషి రబ్బరు చెప్పులతో వచ్చాడు. నీకు తాడు ఏదయ్యా అని అడిగితే, తాడు కొమ్మలకండీ, మనకెందుకు అన్నాడు. ఒక చేత్తో కాండం, ఒక చేత్తో రంపం పట్టుకుని మొదటి కొమ్మ దాకా వెళ్లాడు. దిగమన్నాను. దిగి, ఇంత భయమైతే ఎలాగండీ పెద్దమ్మగారూ అని నాకు ధైర్యం చెప్పి వెళ్లిపోయాడు.

నువ్వు చెట్లెక్కే ఉద్యోగంలో చేరతానన్న రోజున ఇంట్లో అందరూ ఎందుకని అడిగారు. నేను ఒక్కదాన్నే ఎలాగని అడిగాను. మళ్లీ అదే అడుగుతున్నాను. మోటారు రంపం వాడడంలోనూ, చెట్టు ఎక్కడంలోనూ ప్రాణం దక్కాలంటే ఏమేమి పాటించాలో వివరంగా రాయి. ఫోన్ చేయవద్దు. ఫోన్‌లో ఈ రోజుల్లో ఎవరూ వాక్యం పూర్తి చేయరు.

రెండు కాళ్ల మీదా నిలబడే ఉన్న
అత్తయ్య


జూన్ 9

అత్తయ్యా,

ముందు ఒక్క మాట. ఆ రంపం జోలికి మీరు వెళ్లొద్దు. మీరు ఏదైనా "వివరంగా" అడిగారంటే తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఫ్యాను రెగ్యులేటరు గురించి వివరంగా అడిగిన మర్నాడు అది ముక్కలు ముక్కలుగా భోజనాల బల్ల మీద ఉంది. రంపం ఫ్యాను కాదు.

రాయకపోతే ఊరుకోరు కాబట్టి రాస్తున్నా. తెలియకుండా పట్టుకునే బదులు తెలిసి భయపడతారని ఆశ.

రంపాన్ని గాల్లో వేలాడేసి స్టార్ట్ చేయకూడదు. నేల మీద పెట్టి, బ్రేకు వేసి, వెనక పిడిలో కుడికాలి బూటు దూర్చి తొక్కిపట్టి, ఎడమ చెయ్యి నిటారుగా ఉంచి అప్పుడు లాగాలి. ముందు పిడి చుట్టూ బొటనవేలు కింద నుంచి తిప్పి బిగించాలి. వేళ్లన్నీ ఒకే వైపు పెడితే రంపం ఎగిరినప్పుడు చేతిలో ఉండదు. ఎగురుతుంది అత్తయ్యా, నిజంగా. గొలుసు తిరిగే ఆ పొడుగాటి రేకు ఉంది చూశారా, దాని కొనలో పైసగం దేనికైనా తగిలితే గొలుసు అక్కడ పట్టేసి రంపం మొత్తం మన మొహం మీదికి తిరగబడుతుంది. రెప్ప వేసే టైము కూడా ఇవ్వదు. అందుకే భుజం కంటే పైకెత్తి కోయం, ఒంటి చేత్తో కోయం, నిచ్చెన మీద నుంచి అస్సలు కోయం. నిచ్చెన అన్న మాట మీరు రెండుసార్లు చదవండి.

గొలుసు పదునుగా ఉంటే కలప పెచ్చులు పెచ్చులుగా వస్తుంది. పిండిలా రాలుతోందంటే మొద్దుబారిందన్నమాట. మొద్దు రంపమే ఎక్కువ ప్రమాదం, కోయడం లేదని మనం నొక్కుతాం కదా. కొమ్మనైతే ముందు కింది నుంచి కొంచెం కోసి, తర్వాత ఇంకాస్త బయటికి జరిగి పై నుంచి కోయాలి. లేకపోతే విరిగేటప్పుడు కాండం బెరడంతా ఒలుచుకుంటూ వస్తుంది. మొదలు దగ్గర మిగిలిన మొండి చివర్లో తీసేస్తాం.

ఎక్కడం సంగతి. ఎక్కేముందు చెట్టు చుట్టూ తిరిగి చూడాలి. మొదట్లో కుక్కగొడుగులు ఉన్నాయా, పంగల్లో పగుళ్లున్నాయా. చెక్క సుత్తితో తట్టాలి. గట్టి కలప టక్కుమంటుంది, డొల్లదైతే ఖాళీ డబ్బాలా పలుకుతుంది. డొల్ల చెట్టు ఎవ్వరూ ఎక్కరు, ఎంత మొనగాడైనా సరే. బాగున్న చెట్టుకే పైన తాడు వేసి, కింద నుంచి ఇద్దరం వేలాడి చూశాకే ఎక్కుతాం. రంపం ఆడుతున్నంతసేపూ మనిషికి రెండు ఆధారాలుండాలి, ఎక్కే తాడు ఒకటి, లోపల ఉక్కుతీగ ఉన్న నడుం తాడు ఒకటి. రంపానికి కొమ్మకీ తాడుకీ తేడా తెలీదు. కింద ఇంకో మనిషి ఉండాలి, మనకేమైనా అయితే ఎక్కి దించగలిగేవాళ్లు. ఒంటరిగా చేసే పని కాదిది. ఈ మాట మీకు నచ్చదని తెలుసు.

దయచేసి రంపం కొనకండి.

హెల్మెట్ పట్టీ గుర్తు గడ్డం కింద పచ్చబొట్టయిపోయిన
మీ ఉడత


జూన్ 16

ఉడతకు,

నీ ఉత్తరం చక్కగా ఉంది. పాఠం స్పష్టంగా చెప్పావు. విద్యార్థిని అర్థం చేసుకోవడంలోనే పొరబడ్డావు. నాకు రంపం కొనే ఉద్దేశం ఏనాడూ లేదు. చెట్లు కొట్టేవాళ్లను పనిలో పెట్టుకునే ముందు మౌఖిక పరీక్ష పెట్టడానికి నాకు ప్రశ్నలు కావాలి, అంతే. రంపాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనివాడిని నా పెరట్లో చావనివ్వను. అలా పొరబడినదానివి నాకే రాసి ఊరుకున్నా బాగుండేది. "అత్తయ్య రంపం కొనబోతోంది" అని మీ నాన్నతో అన్నావు. అతను మర్నాడు ఉదయమే వచ్చి స్టోరు గదిలో, మంచం కింద, చివరికి బియ్యం డబ్బా వెనకాల కూడా వెతికాడు. ఏం పోగొట్టుకున్నావని అడిగితే, ఏమీ లేదక్కయ్యా, ఊరికే అన్నాడు.

పరీక్ష ఫలితాలు రాస్తాను. రెండవ మనిషి బూట్లతో వచ్చాడు, తాడు తెచ్చాడు, నాకు ఆశ కలిగింది. గొలుసు మొద్దుబారిందని ఎలా తెలుస్తుంది అన్నాను. కోయకపోతే తెలుస్తుందండి అన్నాడు. దీనికి సగం మార్కు వేశాను. రంపం ఆడుతుండగా నీకు ఎన్ని ఆధారాలు ఉంటాయి అంటే, రెండండీ అన్నాడు వెంటనే. ఏవేవి?

"ఒకటి తాడు, రెండోది దేవుడు."

"దేవుణ్ణి ఏ కొమ్మకు ముడివేస్తావు?" అన్నాను.

అతను నవ్వాడు కానీ నడుం తాడు మాత్రం లేదని ఒప్పుకున్నాడు. అది తెచ్చుకుని రమ్మని పంపాను. రాలేదు.

ఈలోగా నీవు రాసినట్టు చెట్టును నేనే పరీక్షించాను. చెక్క సుత్తి లేక చపాతీ కర్రకు గుడ్డ చుట్టి వాడాను. పెరటి గోడ వైపు అంతా గట్టిగా పలికింది. వంటగది వైపు మాత్రం నేల నుంచి నా నడుము ఎత్తు దాకా ఖాళీ పీపాను తట్టినట్టు ఉంది. అటువైపే మొదట్లో, గడ్డి పక్కకు తీసి చూస్తే, పళ్లేల వంటి గోధుమరంగు కుక్కగొడుగులు వరుసగా అంటుకుని ఉన్నాయి. దీని అర్థం నాకు తెలుసు, నీ నోట వినాలని రాస్తున్నాను.

మీ నాన్నకు కొత్త ఆలోచన వచ్చింది. చెట్టు పోయినా నన్ను ఒంటరిగా వదలడట. నాకు తోడుగా ఒక కేర్‌టేకర్‌ను పక్క గదిలో ఉంచుతాడట. పక్క గది అంటే గేటు నుంచి పెరట్లోకి వెళ్లే దారిలో ప్రహరీకి ఆనించి ఉన్నది. నేను సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పిన గది. ఇప్పుడు అందులో నా పుస్తకాలు, నా కుర్చీ, గోడకు సిమెంటుతో చేసిన నల్లబల్ల ఉన్నాయి. ఇంట్లో అన్నిటికంటే వెలుతురు అక్కడే. రోజూ మధ్యాహ్నం అక్కడే కూర్చుంటాను. నాకు తోడు ఎందుకని అడిగాను. పడితే లేపడానికి అన్నాడు. ఆ రోజే చెప్పులు మార్చాను.

బియ్యం డబ్బాను యథాస్థానంలో పెట్టుకున్న
అత్తయ్య


జూన్ 21

అత్తయ్యా,

రంపం సంగతి నాన్నకు చెప్పడం నా తప్పే. బియ్యం డబ్బా గురించి చదివి బస్సులో ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్కావిడ లేచి వేరే సీటుకి వెళ్లింది.

చెట్టు మాత్రం నవ్వే సంగతి కాదు. మొదలు కుళ్లిపోయింది. ఇంటి వైపే డొల్ల, బరువు కూడా ఇంటి వైపే. ఇంక పరీక్షలు పెట్టకండి, ఎవడైనా పాసై ఎక్కేస్తాడు. ఇలాంటి చెట్టుని ఎక్కకుండా, చెయ్యి చాచే లిఫ్టు బండి తెచ్చి, దాని తొట్టిలో నిలబడి పై నుంచి ముక్కలుగా దించుకుంటూ రావాలి. మా కంపెనీకి ఆ బండి ఉంది. మా సూపర్‌వైజర్‌ని అడిగాను. మీ ఇంటి ఫొటోలు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. గేటు సరిపోతుంది కానీ లోపల పక్క గది అడ్డం, ఆ సందులో స్కూటరు తప్ప ఏదీ పట్టదు. వెనక వీధి నుంచి తెద్దామంటే మెట్లు.

అందుకని నేను ఒకటి అనుకున్నా. వెనకింటి వాళ్ల చెట్టు గట్టిది, పోయినసారి చూశాను. నా తాడు దానికి వేసి, మీ చెట్టు మీద బరువు పెట్టకుండా ఎక్కుతా. నేను తేలిక. ఇంతకంటే అధ్వాన్నమైనవి ఎక్కాను. సూపర్‌వైజరు ఒప్పుకోడు కాబట్టి సెలవు పెట్టి వస్తా, నా స్నేహితురాలు కింద ఉంటుంది. ఒక్క రోజు పని.

చెట్టు పోకపోతే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చేస్తానని నాన్న ఈసారి నిజంగానే అంటున్నాడు. మా ఇంట్లో మీ గదికి రంగులు కూడా వేయించాడు. మీరు నాన్న టీవీ మోత మధ్య కూర్చుని, ఛానెల్ మార్చమని అడగడానికి మొహమాటపడడం నేను చూడలేను. ఆ చెట్టు నేను దించుతా.

మీ ఉడత


జూన్ 25

ఉడతకు,

వద్దు.

డొల్ల చెట్టు ఎవ్వరూ ఎక్కరు, ఎంత మొనగాడైనా సరే. ఈ వాక్యం నీది, తొమ్మిదవ తేదీన నా పేర రాసినది. నీవు తేలిక అన్నది నిజమే, కానీ నీవు కోసే కొమ్మలు తేలిక కాదు. ఒక్కొక్కటి విడిపోయినప్పుడల్లా కాండం ఊగుతుంది, ఆ ఊపు అంతా డొల్ల మొదలు మీదే పడుతుంది. ఇక వెనకింటి చెట్టుకు వేసిన తాడు. ఆ చెట్టు దూరంగా, పక్కగా ఉంది. కాళ్ల కింద మన చెట్టు కూలితే ఆ తాడు నిన్ను నిలబెట్టదు, ఊపుతుంది. నీవు లోలకం అవుతావు. ఆ లోలకం ఎక్కడికి చేరుతుందో బొమ్మ గీసి చూశాను. వంటగది గోడకు.

నాకోసం చేస్తున్నానని అనుకోవద్దు. ఇంట్లో ఒంటరిగా ఉండే హక్కు కోసం నిన్ను ఆ చెట్టు మీదికి పంపేదాన్నయితే, ఆ హక్కు నాకు ఉండకూడదు.

నాకు కొన్ని సంగతులు కావాలి. మీ లిఫ్టు బండి ఎంత వెడల్పు? నిలబెట్టాక పక్కలకు చాచే కాళ్లతో కలిపి ఎంత? అవి ఆనడానికి నేల ఎంత గట్టిగా ఉండాలి? కేవలం తెలుసుకోవడానికే.

పక్క గది ఖాళీ చేయిస్తున్నాను. పుస్తకాలు హాల్లోకి మార్చాను. మీ నాన్న అడిగితే ఆ మాట చెప్పు.

అత్తయ్య


జూలై 1

అత్తయ్యా,

గది ఖాళీ చేస్తున్నారంటే నేను నమ్మలేదు. నాన్నకు చెబితే వెంటనే అమ్మని పిలిచి "అక్కయ్య ఒప్పుకుంది" అని మూడుసార్లు చెప్పాడు. ఆ కేర్‌టేకర్‌ని కూడా మాట్లాడేశాడు. మంచావిడట, ఎక్కువ మాట్లాడదట. మీరు సరేనన్నందుకు నాకు సంతోషమో బాధో తెలియట్లేదు. ఆ గదిలోనే కదా నాకు లోలకం నేర్పారు. నల్లబల్ల ముందు నా చెప్పు దారానికి కట్టి ఊపారు.

బండి కొలతలు వెనక రాశాను, కాళ్లతో కలిపి. కాళ్ల కింద పలకలు వేస్తాం, నేల మెత్తగా ఉంటే రాళ్లు పరిచి దిమ్మిస కొట్టాలి. తెలుసుకుని ఏం చేస్తారు, అది గాల్లో ఎగిరి రాదు కదా.

మీరు కేర్‌టేకర్‌కి ఒప్పుకున్నా చెట్టు అక్కడే ఉంది. గాలులు మొదలైతే ఇద్దరి మీదా పడుతుంది. అందుకే వచ్చే గురువారానికి సెలవు పెట్టేశాను. తాళ్ల సంచి సర్దేసి గుమ్మం పక్కన పెట్టాను. మీరు వద్దంటారు, తెలుసు. మీ జీవితమంతా ఎవర్నీ అడక్కుండా మీ నిర్ణయాలు మీరే తీసుకున్నారు. నా మెడ గురించి నన్ను తీసుకోనివ్వండి.

కోపం రాదని తెలిసే రాస్తున్నా. వచ్చినా వస్తా.

ఉడత


జూలై 5

ఉడతకు,

కోపం రాలేదు. నీ ఉత్తరం చదువుతుంటే ఈ ధోరణి ఎక్కడో విన్నట్టే అనిపించింది, అది నాదేనని తెలుసుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. అయినా నీ నిర్ణయం చెల్లదు. ఎందుకో వరుసగా రాస్తాను.

మీ నాన్న పొరబడ్డాడు, నీవూ పొరబడ్డావు. గది ఖాళీ చేయిస్తున్నానన్నాను, గదిలోకి ఎవరైనా రావచ్చని అనలేదు. ఆ కేర్‌టేకర్ మంచావిడే అయివుంటుంది. ఆవిడను వేరే చోట చూసుకొమ్మని మర్యాదగా చెప్పమను. నాకు పడిపోయే ఉద్దేశం లేదు. ఒకవేళ పడితే, లేచే ప్రయత్నం ముందు నేను చేస్తాను.

మీ సూపర్‌వైజర్‌కు నేనే నేరుగా రాశాను. నిన్న మధ్యాహ్నం వచ్చాడు. నెమ్మదస్తుడు, తక్కువ మాటలవాడు, టేపు తనదే తెచ్చుకున్నాడు. గేటు దగ్గర నిలబడి పెరటి దాకా చూసి, మళ్లీ నా వంక చూసి, "మేడమ్, ఫొటోలో ఇక్కడ ఏదో ఉండాలి" అన్నాడు. ఉండేది అన్నాను. కొలతలు తీసుకున్నాడు, మడమతో నేల తన్ని చూశాడు, కాళ్లు ఎక్కడ ఆనాలో నాలుగు చోట్లా సున్నంతో గుర్తులు పెట్టాడు. అక్కడ రాళ్లు పరిచి దిమ్మిస కొట్టిస్తున్నారు, ఈ ఉత్తరం ఆ చప్పుడులోనే రాస్తున్నాను. బండి గురువారం వస్తుంది. చెట్టును పై నుంచి ముక్కలుగా దించి, మొదలు నేలమట్టం చేస్తారు. తొట్టిలో ఎవరు నిలబడతారని అడిగాను. మా దగ్గర ఈ పనికి అందరికంటే జాగ్రత్త మీ మేనకోడలికేనండీ అన్నాడు. అతనికి నీ తాళ్ల సంచి గురించి ఏమీ చెప్పలేదు. నీ సెలవు మాత్రం రద్దు చేయించాను. నీవు పనిలోనే వస్తున్నావు. నడుం పట్టీ తొట్టికి తగిలించుకోవాలని అతను అన్నాడు, నీకు తెలిసే ఉంటుంది.

మీ నాన్నకు జవాబు దొరికింది. చెట్టు పోవాలి లేదా నేను పోవాలి అన్నాడు. చెట్టు పోతోంది.

నల్లబల్ల సంగతి నీకు చెప్పాలి. అది గోడకు పూసిన సిమెంటు బల్ల కనుక ఊడదీయడం కుదరలేదు. మేస్త్రీ ఒక మూల గట్టిగా ప్రయత్నించాడు, పగుళ్లు వచ్చేసరికి వదిలేయమన్నాను. కుర్చీ హాల్లో కిటికీ దగ్గర వేసుకున్నాను. వెలుతురు అంత లేదు. ఉదయం పూట చదువుకుంటే సరిపోతుంది.

రేపు మీ నాన్న ఆవిడను వెంటబెట్టుకుని పక్క గది చూపించడానికి వస్తున్నాడట, తాళం చెవి నా దగ్గరే ఉంచమని కబురు పంపాడు. తాళం చెవి ఉంది. గదిని పోయిన శనివారమే పడగొట్టించాను.

అత్తయ్య